దివి ఆడపడుచులు, ఓరుగల్లు బావమరిది

“ఇద్దర్నీ అడుగుతున్నారంట తల్లీ!”

ముసలి దాది ఆ మాట అనేసి గడప పక్కనే కూలబడింది. నారాంబ జడల్లుకుంటోంది. చెయ్యి ఆపలేదు. పేరాంబే గబుక్కున లేచి వచ్చింది.

“ఇద్దర్నీ ఏంటే? సంబంధం అక్కయ్యకి కదా?”

“మొదట అట్టాగే అన్నారమ్మా. పొద్దున్నే మాట మార్చారు. ఆడపిల్లలిద్దరూ ఓరుగల్లు రావాల్సిందేనంట. అయ్యగారు ఊఁ అన్నారు.”

“అమ్మ ఏమంది?”

“అమ్మగారిని ఎవరడిగారమ్మా!”

ఊఁ అనక పిన్నచోడి ఏం చేస్తాడు? దివిని ఏలే అయ్య వంశపు దొర ఆయన. పూర్వీకుల ఊరు వెలనాటిలోని క్రొయ్యూరు. వెలనాటి చోడుల కింద సామంతులుగా ఎదిగి, కృష్ణ సముద్రంలో కలిసే ఈ లంక సీమకి ఏలికలయ్యారు. ఇప్పుడు ఆ వెలనాటి నీడ పలచబడుతోంది. 1199లో ఓరుగల్లు గద్దెక్కిన కాకతీయ గణపతిదేవుడికి తీరం కావాలి. ఆయన సేనాని మల్యాల చౌండుడు వచ్చి దివిని కొల్లగొట్టాడు. దొరికిన రత్నాలు పట్టుకెళ్ళి రాజు బొక్కసంలో పోశాడు. చేసిన దోపిడీని దాచుకోలేదు సరికదా, దివిని చూరగొన్నవాణ్ణంటూ ‘దివిచూరకార’ అని బిరుదు తగిలించుకున్నాడు. 1203 నాటి కొండపర్తి శాసనంలో ఆయన గొప్పలన్నీ ఉన్నాయి.

కొల్లగొట్టిన ఇంటి నుంచే రాజు పిల్లల్ని అడిగాడు. ఒకర్ని కాదు, ఇద్దర్ని.

పైన నేను రాసిన మాటలు కల్పన. వాళ్ళేం మాట్లాడుకున్నారో రాసిపెట్టిన వాళ్ళు లేరు. ఎవరు పెద్దదో ఎవరు చిన్నదో కూడా నా ఊహే. కానీ ఆ ఇద్దరి పేర్లు, వాళ్ళ పెళ్ళి, వాళ్ళ తమ్ముడికి దక్కిన పదవి రాతి మీద ఉన్నాయి. ఆ రాయి నాగాయలంక పక్కన గణపేశ్వరంలో వేసింది. వేయించినవాడు ఆ తమ్ముడే.

దివి ఎందుకంత కావలసి వచ్చిందో పటం చూస్తే తెలుస్తుంది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య చిక్కిన నేల దివిసీమ. హంసలదీవి దగ్గర నది కడలిలో కలుస్తుంది. అక్కడ కాపలా పెట్టినవాడికి తెలియకుండా సముద్రం మీంచి నదిలోకి పడవ రాదు, నది నుంచి సరుకు సముద్రంలోకి పోదు. ఓరుగల్లు కొండరాళ్ళ మధ్య ఉన్న రాజుకి ఇలాంటి గుమ్మం చేతిలో ఉంటే రాజ్యం తీరే మారిపోతుంది. దాన్ని కత్తితో ఒకసారి గెలవొచ్చు. ప్రతి యేడూ సేనని దించి కాపాడుకోవడం కష్టం. అందుకే పెళ్ళి.

ఆ సాయంత్రం నారాంబ తండ్రి దగ్గరకి వెళ్ళి ఉంటుందని అనుకుందాం.

“నాయనా, సంధికి ఒక్కదాన్ని చాలను గదా. పేరాంబకి ఇంక సంబంధాలు రావనా?”

పిన్నచోడి చాలాసేపటికి గానీ నోరు విప్పలేదు.

“వస్తాయనేనమ్మా. వెలనాటి వాళ్ళొస్తారు. ధరణికోట వాళ్ళొస్తారు. ఎవడొచ్చినా దివికి అల్లుడే అవుతాడు. దివికి రెండో అల్లుడుండటం ఓరుగల్లుకి ఇష్టం లేదు.”

“తమ్ముడో?”

“జాయడు మీతోనే వస్తాడు. కుర్రాడు చురుకైనవాడని విన్నారంట, రాజుగారే చదివిస్తారంట.”

“మర్యాదకా, తాకట్టుకా?”

“అల్లుడు రాజైనప్పుడు ఆ రెండూ ఒకటేనమ్మా.”

ప్రయాణానికి ముందు సంగమంలో స్నానం చేసి ఉంటారు. గంగమ్మ కాకి రూపంలో ఇక్కడ మునిగి హంసై లేచిందని హంసలదీవి స్థలపురాణం. ఆ కథ అప్పటికే జనం నోట ఉంటే, పేరాంబలాంటి పిల్ల ఊరుకోదు. “కాకులొచ్చి హంసలై పోయే ఊరు మనది. మనం ఇక్కణ్ణుంచి కాకతి ఇంటికి పోతున్నామే అక్కయ్యా!” అని నవ్వించే ఉంటుంది. పైకి పడవలు, ఆ తర్వాత పల్లకీలు. రెండు పల్లకీల వెనక గుర్రం మీద ఒక కుర్రాడు.

*

ఒక రాజు ఒకే ఇంటి ఆడపిల్లలిద్దర్నీ చేసుకున్న కథ సరిగ్గా ఇలాంటిదే, ఇప్పటి ఫ్రాన్స్ నేల మీద ఆరో శతాబ్దంలో జరిగింది. చెప్పినవాడు టూర్స్ నగర బిషప్ గ్రెగరీ. ఫ్రాంకుల రాజు క్లోటార్ ఇంగుండ్ అనే ఆమెని చేసుకుని ప్రాణంగా చూసుకుంటున్నాడు. ఒకనాడు ఆమె తన చెల్లెలు అరెగుండ్‌కి కలిగినవాడూ సమర్థుడూ అయిన మగణ్ణి చూడమని రాజుని వేడుకుంది. రాజు వెళ్ళి పిల్లని చూశాడు. తిరిగొచ్చి, ఎంత వెతికినా తనకంటే తగినవాడు కనబడలేదనీ, అందుకని తానే పెళ్ళాడాననీ చెప్పాడు. ఇంగుండ్ ఏమంటుంది? ప్రభువుకి ఏది బాగుంటే అదే కానివ్వమంది, తన మీద దయ ఒక్కటీ తగ్గించవద్దంది.

గ్రెగరీ దీన్ని కామం కథగా చెప్పాడు. నాకు మాత్రం పిన్నచోడి లెక్కే ఇక్కడా కనిపిస్తోంది. ఆ చెల్లెల్ని ఇంకో బలవంతుడు చేసుకుంటే వాడు రాజుకి తోడల్లుడవుతాడు. తోడల్లుడు సగం పోటీదారు. ఆ ఖాళీని రాజే పూడ్చేశాడు. భార్య చనిపోయినా సరే ఆమె చెల్లెల్ని చేసుకోకూడదని అక్కడి మతపెద్దలు 511లోనే ఆర్లియాన్ సభలో తీర్మానించారు. ఇక్కడ అక్క బతికే ఉంది. రాజుని ఆపినవాడు లేడు.

మన సామెత ఉంది: బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు. ఈ సామెతకి ఫ్రాంకుల రాజవంశాన్ని మించిన సాక్ష్యం దొరకదు. క్లోటార్ అన్న ఒకడు యుద్ధంలో చనిపోతే, అతని పసిపిల్లల్ని నాయనమ్మ క్లోటిల్డ్ పెంచుతోంది. క్లోటార్, ఇంకో అన్న కలిసి పిల్లల్ని పట్టాభిషేకం వంకతో రప్పించుకుని, ముసలామెకి ఒక కత్తెర, ఒక కత్తి పంపారు. జుట్టు కత్తిరించి సన్యాసులని చెయ్యాలా, చంపాలా తేల్చమన్నారు. ఫ్రాంకుల రాజకుమారుడికి పొడుగాటి జుట్టే రాజ్యార్హత. దుఃఖంలో ఆమె రాజులు కాలేకపోతే చావడమే మేలని అనేసింది. క్లోటార్ తన చేత్తోనే ఇద్దరు అన్న కొడుకుల్ని పొడిచేశాడు. మూడోవాడు తప్పించుకుని, తన జుట్టు తానే కోసుకుని మఠంలో చేరాడు.

దాయాదులు ఇలా ఉంటే మనిషి ఎవర్ని నమ్ముతాడు? తల్లివైపు వాళ్ళని. జర్మను తెగల్లో మేనమామకి మేనల్లుడంటే కన్నతండ్రికి ఉన్నంత ప్రేమ అని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ ఒకటో శతాబ్దంలోనే రాశాడు. ఇది చదివిన తెలుగువాడికి చుట్టరికం దొరికినట్టుంటుంది. అయితే ఆ మేనమామ కూతుర్ని చేసుకోవడం దగ్గరికి వచ్చేసరికి దారులు చీలాయి. రోమన్ చర్చి క్రమంగా ఏడు తరాల దాకా రక్తసంబంధం ఉన్నవాళ్ళ మధ్య పెళ్ళి కూడదంది. 1215లో దాన్ని నాలుగు తరాలకి తగ్గించింది. మన మేనరికాలు ఆ లెక్కలో మహాపాపాలు.

క్లోటార్, అరెగుండ్‌ల కొడుకు చిల్పెరిక్. అతని అన్న సిగెబెర్ట్ స్పెయిన్‌లోని విసిగోత్ రాజు కూతురు బ్రూన్‌హిల్డ్‌ని చేసుకుని ప్రతిష్ఠ పెంచుకున్నాడు. అది చూసి ఓర్వలేక చిల్పెరిక్ ఆమె అక్క గాల్స్వింతని అడిగాడు. పెళ్ళినాటి కానుకగా ఐదు నగరాలు ఆమె పేర రాశాడు. కొద్దికాలానికే, పాత ప్రియురాలు ఫ్రెడెగుండ్ మోజులో, గాల్స్వింతని పడక మీదే గొంతు నులిమించి చంపించాడు. తర్వాత రెండిళ్ళ మధ్యా తరాలపాటు నెత్తురు పారింది. బ్రూన్‌హిల్డ్ కొడుకు పేరుతో, మనవల పేరుతో, చివరికి మునిమనవడి పేరుతో రాజ్యం నడిపింది. 613లో ఫ్రెడెగుండ్ కొడుకు రెండో క్లోటార్ ఆమెని పట్టుకుని మూడు రోజులు హింసించి, ఒంటె మీద ఊరేగించి, గుర్రానికి కట్టి ఈడ్పించి చంపాడు. పదిమంది రాజుల చావుకి ఆమే కారణమని నేరం మోపాడు. అందులో కొందరిని చంపింది అతని సొంత తల్లిదండ్రులు, అతను కూడా.

ఒక్క సంగతి మాత్రం ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. గాల్స్వింత చచ్చిపోయినా ఆ ఐదు నగరాలూ ఆమెవే. 587లో ఆండెలోలో కుదిరిన ఒప్పందంలో అవి ఎవరికి చెందాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, వారసురాలిగా చెల్లెలు బ్రూన్‌హిల్డ్ పేరే రాశారు.

*

దివి పిల్లల కథలో కానుక ఎవరికి అందింది?

ఓరుగల్లులో జాయడు పెరిగాడు. గుండామాత్యుడి దగ్గర రాజే చదువుకి పెట్టాడు. నాట్యం, సంగీతం, యుద్ధం అన్నీ నేర్చాడు. గజసాహిణి అయ్యాడు, అంటే కాకతీయుల ఏనుగుల బలానికి అధిపతి. ఏనుగుల్ని నమ్మకం లేనివాడి చేతిలో పెట్టరు. దాయాదికి అసలే పెట్టరు. బావమరిదికి పెడతారు. అతని బలమంతా అక్కల పసుపుకుంకుమల మీద నిలిచి ఉంది కాబట్టి, బావ బతుకు అతను కోరక తప్పదు. 1213 నాటి చేబ్రోలు శాసనం ప్రకారం గణపతిదేవుడు అతనికి తామ్రపురిని, అంటే ఆ చేబ్రోలునే ఇచ్చాడు. అక్కడ తండ్రి పేర చోడేశ్వరాలయం కట్టించాడు. జాయప సేనానిగా మనకి తెలిసినవాడు ఇతనే. 1253-54లో రాసిన ‘నృత్తరత్నావళి’లో శాస్త్రనాట్యాన్నే కాక పేరణి వంటి దేశి నృత్యాల్నీ లెక్కకి తెచ్చిన మహానుభావుడు. ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు శాస్త్రానికిచ్చి, మిగతా నాలుగూ జనం ఆడే ఆటకిచ్చాడు. కూచిపూడికి పొరుగు సీమ మనిషి కదా అనుకోవడానికి మనసు ఉబలాటపడుతుంది గానీ, అది కాలాన్ని తారుమారు చేసే గర్వం.

1231లో అతను పుట్టినగడ్డకి తిరిగొచ్చి బావ పేర గుడి కట్టించాడు. గణపేశ్వరుడు. ఊరికీ ఆ పేరే మిగిలింది. శాసనం సంస్కృత శ్లోకాల్లో చెక్కించాడు. ఆ రాయి ముందు నేను ఊహించుకునే ఘట్టం ఇది:

“సేనానీ, మీ వంశక్రమం అయింది. పిన్నచోడి దొరగారి దాకా వచ్చాం,” అన్నాడు కవి తాటాకు ఎత్తి పట్టుకుని. “ఇక తమరి పరాక్రమమా?”

“ముందు అక్కయ్యలు.”

“అలాగే. ‘దొరగారి కూతుళ్ళిద్దర్నీ చక్రవర్తి పరిణయమాడెను’ అని ఒక్క పాదంలో...”

“పేర్లతో రాయండి. నారాంబ, పేరాంబ.”

“ఛందస్సుకి కాస్త ఇబ్బంది...”

“ఛందస్సు మీ పని. పేర్లు ఉండాలి.”

పక్కన ఉలి పట్టుకున్నవాడికి సంస్కృతం రాదు. అయినా ఆ రెండు పేర్లూ అర్థమై, తలెత్తి చూసి ఉంటాడు. దివి మనిషేగా.

ఇలా ఊహించుకోవడంలో జాయప మీద నాకున్న అభిమానం కొంత కలిసింది. నిష్ఠూరంగా చెప్పాలంటే, ఆ పేర్లు అతనికి యోగ్యతాపత్రం. రాజుకి తాను ఏమవుతాడో లోకానికి చెప్పాలంటే అక్కల పేర్లు చెక్కక తప్పదు. చోడేశ్వరుడు తండ్రి పేర, గణపేశ్వరుడు బావ పేర. ఫ్రాంకుల రాజు పెళ్ళికూతురి పేర ఐదు నగరాలు రాసి ఆమెని చంపాడు. కాకతీయ రాజు పెళ్ళికూతుళ్ళని గౌరవంగానే చూసుకున్నాడనుకుందాం. కానీ ఊరు రాసింది బావమరిది పేర.

1959లో పారిస్ దగ్గరి సెయింట్ డెనిస్ చర్చి కింద తవ్వుతుంటే మిషెల్ ఫ్లూరీ బృందానికి ఒక రాణి సమాధి బయటపడింది. పట్టుబట్ట, బంగారు సూదులు, వేలికి ఉంగరం. ఉంగరం మీద ‘అర్నెగుండిస్’ అని పేరు. ఆ అరెగుండే అని పండితులు అన్నారు. అక్క మగణ్ణి చూడమంటే రాజుకే చిక్కిన ఆ పిల్ల పేరు ఆమె వేలి మీదే మిగిలింది.

*

ఆమె కొడుకు చిల్పెరిక్ హంతకుడే గానీ, ఒక చట్టం తెచ్చాడు. ఫ్రాంకుల సాలిక్ ధర్మం ప్రకారం వంశపు భూమి ఆడదానికి రాదు. కొడుకులు లేకపోతే కూతురు తీసుకోవచ్చని ఇతను సవరించాడు. అంతా పొలం దాకానే. సింహాసనం ఊసు లేదు. ఇంగ్లండులో మెర్సియాని ఏలిన ఏతెల్‌ఫ్లేడ్ 918లో చనిపోతే కూతురు ఎల్‌ఫ్విన్ గద్దెక్కింది. కొద్ది నెలల్లోనే మేనమామ ఎడ్వర్డ్ ఆమెని తప్పించి తన రాజ్యంలోకి తీసుకుపోయాడు. టాసిటస్ మెచ్చుకున్న మేనమామ ప్రేమ మేనకోడలికి అందలేదు. అంతకు ముందు కాన్‌స్టాంటినోపుల్‌లో తూర్పు రోమన్ సామ్రాజ్ఞి ఐరీన్ 797 నుంచి 802 దాకా ఒంటరిగా ఏలితే, ఆడది కూర్చున్నది కనుక రోమ్ సింహాసనం ఖాళీగా ఉన్నట్టే లెక్క అని పడమటివాళ్ళు వాదించి, 800లో ఫ్రాంకుల రాజు చార్లెమేన్‌కి కిరీటం పెట్టారు.

దివి అల్లుడు గణపతిదేవుడు ఇక్కడే వాళ్ళందర్నీ దాటిపోయాడు. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు, రుద్రమ, గణపాంబ. గణపాంబని ధరణికోటని ఏలే కోట వంశపు బేతరాజుకిచ్చాడు. దివి నుంచి భార్యల్ని తెచ్చుకున్నట్టే, కూతుర్ని పంపి ఇంకో తీరసామంతుణ్ణి కట్టేసుకున్నాడు. భర్త పోయాక గణపాంబే రాజ్యం చేసింది. ఆమె కట్టించిన గుళ్ళలో ఒకటి భర్త పేర, ఒకటి తండ్రి పేర అని యనమదల శాసనం చెబుతుంది. అంటే ఈ కథలో గణపేశ్వరాలు రెండు. ఒకటి బావమరిది కట్టించింది, రెండోది కూతురు కట్టించింది.

రుద్రమని మాత్రం ఎక్కడికీ పంపలేదు. నిడదవోలు చాళుక్య వీరభద్రుణ్ణి అల్లుడిగా తెచ్చుకున్నాడు గానీ రాజ్యం అల్లుడికి ఇవ్వలేదు. ఆమెని గద్దె మీద కూర్చోబెట్టాడు. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. ఆడవేషంలో రాజ్యం చెయ్యడం చెల్లదు కనుక భాష ఆమెకి మగవేషం కట్టింది. బిరుదు రాయగజకేసరి. దేవగిరి యాదవ మహాదేవుడు ఆమె మీదికొచ్చాడు. ఆడది కనుక మావాడు చంపకుండా వదిలేశాడని అతని మంత్రి హేమాద్రి రాసుకున్నాడు. గెలిచినా ఓడినా మగవాడికి ఏదో ఒక మర్యాద మిగుల్చుకోవాలిగా!

మార్కోపోలో మోటుపల్లిని ‘ముత్ఫిలి’ అంటూ ఆ దేశాన్ని నలభై ఏళ్ళుగా ఒక రాణి ఏలుతోందనీ, న్యాయంగా పాలించిందనీ రాశాడు. మెచ్చుకున్నాడు గానీ, భర్త చనిపోతే ఆమె గద్దెక్కిందని రాసేశాడు. వెనిస్ వర్తకుడు. కొడుకు పక్షాన ఏలే విధవరాణులు అతని ఊహకి అందుతారు. తండ్రి నుంచి నేరుగా రాజ్యం తీసుకున్న కూతురు అందలేదు.

రుద్రమకీ మగసంతానం లేదు. కూతురు ముమ్మడమ్మకి కొడుకు పుడితే వాణ్ణి దత్తత తీసుకుంది. 1289 నవంబరు నాటి చందుపట్ల శాసనం రుద్రమ శివలోకానికి చేరిందని చెబుతుంది. ఆ తర్వాత ఓరుగల్లుకి రాజు ఆ దత్తపుత్రుడే, ప్రతాపరుద్రుడు. అమ్మమ్మకి కొడుకవడంతో అతను కన్నతల్లికి తమ్ముడయ్యాడు. దివి నుంచి రెండు పల్లకీల వెనక గుర్రం మీద వెళ్ళిన కుర్రాడు తమ్ముడి వరసతోనే పైకొచ్చాడు. ఇతను ఆ వరసతోనే చక్రవర్తి అయ్యాడు.